మెదడు బొమ్మ వేస్తే సైన్స్ అయిపోదు

గుణుపురంలో బీటెక్ చదువుతున్న మా మేనకోడలు సెలవులకు పర్లాకిమిడి వస్తూ ఒక రిపోర్టు పట్టుకొచ్చింది. ప్లేస్‌మెంట్ శిక్షణ పేరుతో ఎవరో వచ్చి, క్లాసులో అందరిచేతా ప్రశ్నల కాగితాలు నింపించి, తలా నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి వెళ్ళారట. మా పిల్లకు ఐఎన్ఎఫ్‌పీ వచ్చింది. కింద రెండు పేజీల వివరణ. పక్కన మెదడు బొమ్మ, ఎడమ సగం నీలం, కుడి సగం నారింజ. నీది కుడి మెదడు, మనుషులతో బేరాలాడే ఉద్యోగాలు, సేల్స్ లాంటివి నీకు నప్పవు అని రాశారు.

భోజనాల దగ్గర దాని మీద పెద్ద వాదనే నడిచింది. మా అన్నయ్య ఫిజిక్స్ లెక్చరర్. రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జాతకం. ఇదొక్కటే కాదు, సైకాలజీ మొత్తం ఇంతే. మెదడులో ఏం జరుగుతోందో చూపించేది న్యూరోసైన్స్, అది సైన్స్. మిగతావన్నీ కబుర్లు" అని తేల్చేశాడు. పిల్ల ఊరుకోలేదు. "అది కాదు నాన్నా, అందులో రాసింది అచ్చం నేనే. నువ్వు చదవకుండా మాట్లాడుతున్నావు" అంది.

ఇద్దరి మాటా నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కాగితంలో పస లేదన్న మాట నిజం. కానీ దాన్ని పట్టుకుని సైకాలజీ మొత్తాన్ని కొట్టిపారేయడం అన్యాయం. ఇక మెదడు బొమ్మ కనిపించగానే నమ్మేయడం ఈ రెంటికంటే ప్రమాదం. ఒక చదువు సైన్స్ అవునో కాదో తేల్చేది అది ఎక్కడికి తొంగిచూస్తోందన్నది కాదు. తన మాట తప్పని తేలడానికి దారి వదిలిందా, తేలితే ఆ మాట వదులుకుందా అన్నది చూడాలి. వరండాలో ట్యూషన్ చెప్పుకునేదాన్ని, ఇందులో నాకు డిగ్రీలేమీ లేవు. కానీ ఈ కాగితాలు నా దగ్గరికొచ్చే పిల్లల చేతుల్లోకీ వస్తున్నాయి కాబట్టి ఊరుకోలేను.

నాలుగు అక్షరాలు ఎక్కడివి

ఈ పద్ధతి మనుషుల్ని నాలుగు విషయాల్లో ఇటా అటా అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం ఇస్తుంది. అలా మొత్తం పదహారు టైపులు. దీనికి మూలం స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం. దాన్ని చదివి అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మైయర్స్ ప్రశ్నలు తయారుచేశారు. 1962లో అది మైయర్స్-బ్రిగ్స్ పరీక్షగా అచ్చయింది. తల్లీకూతుళ్ళిద్దరూ సైకాలజీ చదివినవాళ్ళు కారని చాలామంది ఎత్తిపొడుస్తారు. నాకది పెద్ద లోపంగా తోచదు. బయటివాళ్ళు మంచి సంగతులు కనిపెట్టిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

అసలు లోపం గీత గీయడంలో ఉంది. వందమందిని తీసుకుని ఎవరెంత కలుపుగోలు అని కొలిస్తే, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. బాగా అటు, బాగా ఇటు ఉండేవాళ్ళు కొద్దిమంది. టైపుల పద్ధతి సరిగ్గా ఆ జనం కిక్కిరిసిన చోటే గీత గీసి, ఇటువాళ్ళు ఒక జాతి, అటువాళ్ళు ఇంకో జాతి అంటుంది. గీతకు చెరో పక్కా ఆనుకుని నిలబడ్డ ఇద్దరు ఒకరికొకరు దగ్గర. అయినా వేరు టైపులు. గీత పక్కనున్నవాడూ, ఆ చివరనున్నవాడూ మాత్రం ఒకే టైపు. అందుకే ఐదు వారాల తర్వాత మళ్ళీ అదే పరీక్ష పెడితే దాదాపు సగంమందికి కనీసం ఒక అక్షరమైనా మారిపోవచ్చని పరిశోధకులు ఎప్పుడో చూపించారు. మా పిల్లచేత నేనే మరోసారి నింపించాను. ఎఫ్ (మనసుతో తేల్చుకునే మనిషి) పోయి టీ (తర్కంతో తేల్చుకునే మనిషి) వచ్చింది. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు గానీ, తన కళ్ళతో తను చూసుకోవడం అవసరమనిపించింది.

ఇక "అచ్చం నేనే" అన్న మాట. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఎవరి ఫలితం వాళ్ళకి విడిగా ఇచ్చాడు. ఇది నీకెంత సరిపోయింది, ఐదుకు ఎంత వేస్తావు అని అడిగితే సగటున 4.26 వేశారు. అప్పుడు తెలిసింది, అందరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం అని. ఆ వాక్యాలు ఆయన జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకున్నవి. "ఒక్కోసారి నలుగురితో సరదాగా ఉంటారు, ఒక్కోసారి ఒంటరిగా ఉండాలనిపిస్తుంది" లాంటి మాటని కాదనే మనిషి ఎక్కడుంటాడు?

ఇది చెప్పాక పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నన్ను ఆపింది. "అత్తా, జనంలో ఎక్కువసేపు ఉంటే నాకు అలసట వస్తుందంటే అమ్మ పొగరంటుంది. ఈ కాగితంలో మొదటిసారి అది తప్పు కాదని రాసుంది." నేను దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఇరవై ఏళ్ళ పిల్లకు, నీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని ఎవరైనా చెబితే దొరికే ధైర్యం చిన్నదేం కాదు.

కానీ ఆ ధైర్యం ఇచ్చిన కాగితమే, సేల్స్ నీకు పడదనీ అంది. మా వదిన ఇంట్లోనే బరంపురం పట్టుచీరలు అమ్ముతుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఈ పిల్ల కూర్చుంటే బేరం తెగినంత వేగంగా వదిన కూర్చుంటే తెగదు. వదిన గలగలా మాట్లాడుతూ ఇరవై చీరలు విప్పి పడేస్తుంది. పిల్ల ముందు వచ్చినవాళ్ళ మాట వింటుంది. తర్వాత లేచి రెండే తీస్తుంది, పైట చెంగు చేతిమీద పరిచి కిటికీ వైపు తిప్పి పట్టుకుని, ఏమీ అనకుండా నిలబడుతుంది. కొనేవాళ్ళే మాట్లాడతారు, వాళ్ళే తేల్చుకుంటారు. ప్రశ్నల కాగితంలో దీనికి చోటేది? నెమ్మదస్తులు అమ్మలేరన్న తీర్పుకి ఆధారమేమిటో ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

బడిలో ఒకడు, వరండాలో ఒకడు

నా దగ్గరికి ఒక తెలుగు కుర్రాడు వస్తాడు, ఏడో తరగతి. చదివేది ఒడియా మీడియం. "చాలా నెమ్మది, ఎవరితోనూ కలవడు, అడిగితే గానీ నోరు విప్పడు" అని వాళ్ళ టీచరు తల్లితో చెప్పింది. నా వరండాలో వాడి నోరు మూయించడమే నా పని. లెక్క పూర్తయ్యేలోపు పక్కవాడి లెక్కకి క్రికెట్ కామెంటరీ చెప్పేస్తాడు, తెలుగులో. వారపు సంతలో వాళ్ళ నాన్న ఉల్లిపాయలు అమ్మే చోట చూస్తే మూడో మనిషి. కొండ మీంచి దిగొచ్చిన సవర ఆడవాళ్ళతో సంత ఒడియాలో, వచ్చీరాని నాలుగు సవర మాటలు కలిపి, తూకం వేస్తూ పెద్దమనిషిలా మాట్లాడతాడు.

వీడు ఏ టైపు? మా ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పుట్టిన పిల్లల్లో సగంమంది ఇలాగే ఉంటారు. ఇక్కడ ఏ భాషలో ఉన్నామన్నదాన్ని బట్టి నోరు విచ్చుకుంటుంది, మూసుకుంటుంది. బడిలో ప్రశ్నలిస్తే ముడుచుకుపోయే పిల్లాడు, నా వరండాలో ఇస్తే కలుపుగోలు పిల్లాడు.

ఇదే సంగతి సైకాలజీని లోపలినుంచే కుదిపేసింది. 1968లో వాల్టర్ మిషెల్, ఒక చోట మనిషి ప్రవర్తనను బట్టి ఇంకో చోట ప్రవర్తనను ఊహించబోతే ఆ సంబంధం 0.3 దాటడం అరుదు (పూర్తిగా సరిపోతే 1, అసలు లేకపోతే 0) అని చూపించాడు. అసలు వ్యక్తిత్వమన్నదే ఉందా అని పెద్ద రభస. ఇరవై ముప్పై ఏళ్ళు కొట్టుకున్నారు. ఆ కొట్లాటలోంచే మెరుగైన సంగతి బయటికొచ్చింది. 2001లో విలియం ఫ్లీసన్, మనుషులు రోజులో పలుమార్లు అప్పటికప్పుడు ఎలా ఉన్నారో నమోదు చేయించి చూశాడు. ఒకే మనిషి వారంలో కలుపుగోలుతనం అంచుల మధ్య బాగా ఊగుతాడు. కానీ ఆ వారం సగటూ, తర్వాతి వారం సగటూ దాదాపు ఒకటే ఉంటాయి. అంటే మిషెల్ చూసిందీ నిజమే, మనిషికంటూ ఒక తీరు ఉందన్నదీ నిజమే. మా కుర్రాడి విషయంలో ఏ చోట ఎంతసేపు గడుపుతాడన్నది కూడా ఆ సగటులో కలుస్తుందనేది నా ఆలోచన. ఏడాదంతా బడిలో మూగగా ఉంచితే, ఆ సగటే వాడి స్వభావమని రేపు ఎవరైనా రాసేస్తారు.

టైపుల కాగితానికి ఇలాంటి తగాదా చరిత్ర నాకైతే కనబడదు. ఎదురు రుజువులు వచ్చినా గీతలు చెరగలేదు, పదహారు టైపులూ పదహారుగానే ఉన్నాయి. ఐదు లక్షణాల పద్ధతిని, బిగ్ ఫైవ్ అంటారు, నేను కొంత నమ్మడానికి కారణం అదే. అందులో టైపుల్లేవు, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, పనిలో శ్రద్ధ, ఆందోళన, కొత్తవాటి మీద ఆసక్తి, ఈ ఐదింటికీ మోతాదులున్నాయి. 2019లో క్రిస్టఫర్ సోటో, ఈ లక్షణాలకూ జీవితంలో జరిగేవాటికీ ఉన్నాయని అప్పటిదాకా చెప్పిన 78 సంబంధాలను మళ్ళీ పరీక్షించాడు. 87 శాతం నిలబడ్డాయి, కాకపోతే ముందు చెప్పినంత బలంగా కాదు. ఆ "కాకపోతే"ని కూడా వాళ్ళే రాసుకోవడం నాకు నచ్చింది.

అన్నయ్య పట్టుకున్న రెండు కొసలు

అన్నయ్య తేలిగ్గా వదిలే మనిషి కాదు. మొదటి ప్రశ్న: "వాడెందుకు మాట్లాడడు? ఇంట్రావర్ట్ కాబట్టి. ఇంట్రావర్ట్ అని నీకెలా తెలుసు? మాట్లాడడు కాబట్టి. ఇందులో కొత్తగా చెప్పిందేముంది?" ఇది గట్టి ప్రశ్న. లక్షణం పేరు చెప్పి కారణం చెప్పినట్టు మాట్లాడేవాళ్ళు సైకాలజీలో నిజంగానే ఉన్నారు. కానీ కొలత వేరు, కారణం వేరు. అన్నయ్య సబ్జెక్టులోంచే జవాబు చెప్పాను. ఫారెన్‌హీట్ పాదరసం థర్మామీటరు చేసింది 1714లో. వేడి అంటే అణువుల కదలిక అని స్థిరపడడానికి ఇంకో వందేళ్ళ పైన పట్టింది. ఆ మధ్యకాలంలో జ్వరం కొలిచినవాళ్ళు సైన్స్ చేయలేదా? కొలత నిలకడగా ఉంటే, దానితో ముందు జరగబోయేది కొంతైనా చెప్పగలిగితే, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. కొలత లేకుండా కారణం వెతకడమే కుదరదు.

రెండోది, 2015 నాటి సంగతి. సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను మళ్ళీ చేసి చూస్తే, 36 శాతమే మునుపటిలా గట్టి ఫలితమిచ్చాయి. "సగం కూడా నిలబడనిదాన్ని సైన్స్ అంటావా?" అన్నాడు. ఈ అంకె చూస్తే నాకూ బాధే. కానీ ఆ లెక్క ఎవరు తీశారు? సైకాలజిస్టులే, వందల మంది కలిసి, తమ పరువు పోతుందని తెలిసీ తీశారు. ఆ తర్వాత ప్రయోగం చేయకముందే ఏం చూడబోతున్నామో రాసిపెట్టడం, ఎక్కువమందిని తీసుకోవడం లాంటి పద్ధతులు బలపడ్డాయి.

నిలబడ్డవి కూడా ఉన్నాయి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల వరసలు తనే బట్టీ పట్టి, ఎన్ని గంటలకు, ఎన్ని రోజులకు ఎంత మరిచిపోతున్నాడో 1885లో అచ్చువేశాడు. మెదడు స్కాన్ లేదు, ఏ యంత్రమూ లేదు. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మళ్ళీ చేస్తే మరిచిపోయే లెక్క దాదాపు అలాగే వచ్చింది. నేను ట్యూషన్లో రసాయన సూత్రాలు చెప్పిన మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి అడుగుతాను. ఒకే రాత్రి పదిసార్లు రాయించడం ఎప్పుడో మానేశాను. దీని వెనక ఉన్నది కబుర్లయితే నా పిల్లలకు మార్కులు రావు.

మెదడు పేరు చెప్పి

ఇప్పుడు అన్నయ్య నమ్మే న్యూరోసైన్స్ దగ్గరికొస్తాను. దాని మీద నాకు గౌరవం తక్కువేమీ కాదు. కానీ అదీ తప్పులు చేస్తుంది, అదీ తన్ను తాను దిద్దుకుంటుంది. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిపోయిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. లెక్కల్లో తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోతే ఆ చేప మెదడులో కూడా చురుకుదనం "కనబడింది". తోటివాళ్ళను హెచ్చరించడానికే ఆ పని చేశారు. 2020లో ఒకే స్కాన్ సమాచారాన్ని 70 బృందాలకిచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలడిగితే జవాబులు ఒకటిగా రాలేదు. 2022లో దాదాపు 50,000 మంది స్కాన్లు పరిశీలించి, మెదడు తేడాలను మనిషి బుద్ధి, ప్రవర్తనలతో ముడిపెట్టాలంటే వేలమంది కావాలని తేల్చారు. అప్పటిదాకా మామూలుగా చేసేది పాతికమందితో. అలాంటప్పుడు ఒక్క పిల్ల స్కాన్ చూసి ఆమె స్వభావం చెప్పడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

మా పిల్ల రిపోర్టులో స్కాన్ కూడా లేదు, రంగులేసిన బొమ్మే ఉంది. ఎడమ మెదడు మనుషులు, కుడి మెదడు మనుషులు అని ఉంటారా అని యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు 1,011 మంది స్కాన్లలో వెతికి, అలాంటి విభజన కనబడలేదని 2013లో రాశారు. కొన్ని పనులు ఒక పక్క ఎక్కువ జరుగుతాయి, అది నిజం. మనిషి మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉండడం కాదు.

ఇంతకంటే నాకు కోపం తెప్పించేది వేలిముద్రల పరీక్ష. ఊళ్ళో ఒక బడిలో పది వేళ్ళ ముద్రలూ తీసుకుని, పిల్లాడికి ఏ తెలివి ఎంత శాతం, ఏ కోర్సు చదవాలి అని రిపోర్టిచ్చారు. వేలిముద్రలు గర్భంలో మూడు నాలుగు నెలలకే ఏర్పడతాయి, మెదడూ అప్పుడే పెరుగుతుంది, కాబట్టి ఒక్కో వేలూ మెదడులో ఒక్కో భాగాన్ని చెబుతుంది అని వాళ్ళ వాదన. మొదటి రెండు ముక్కలూ నిజాలే. "కాబట్టి" తర్వాతదంతా కల్పన. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ప్రకటన కూడా చేసింది. ఉల్లిపాయలమ్మే మా కుర్రాడి తండ్రి కూడా డబ్బు కట్టాడు. "మెదడు పరీక్ష అన్నారమ్మా, కాదంటే పిల్లాడి భవిష్యత్తు ఏమవుతుందో అని" అన్నాడు. సైకాలజీ పరీక్ష అని చెబితే ఆ మనిషి సంచిలో చెయ్యి పెట్టేవాడు కాదు. మెదడు అనేసరికి భయపడ్డాడు.

ఆ భయం కోర్టుల దాకా వెళ్ళింది. 2008లో పుణెలో ఒక హత్య కేసులో, ముద్దాయి తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి తీసిన సంకేతాలను కూడా ఆధారంగా తీసుకుని శిక్ష వేశారు. నేరం చేసిన అనుభవం ఆమె మెదడులో ఉందని ఆ పరీక్ష చెప్పిందట. ఆ పద్ధతి శాస్త్రీయం కాదని అదే ఏడాది బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ డైరెక్టర్ అధ్యక్షతన నిపుణుల సంఘం చెప్పింది. ఒప్పుకోని మనిషికి ఇలాంటి పరీక్షలు చేయకూడదని 2010 మే 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సెల్వి కేసుగా అది ప్రసిద్ధం.

అన్నయ్యకి చివరగా చెప్పింది హెన్రీ మొలైసన్ సంగతి. మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆయన మెదడులో రెండు పక్కలా చెవుల దాపున లోపల ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. అప్పట్నుంచి కొత్త జ్ఞాపకం నిలవదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయన ముందు ఒక అద్దం, నక్షత్రం బొమ్మ ఉన్న కాగితం పెట్టింది. చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మొదట్లో పెన్సిల్ ప్రతి మూలలోనూ గీత దాటిపోయేది. మూడో రోజుకి శుభ్రంగా వచ్చింది. ఆ పని ముందెప్పుడైనా చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు. చేతికి వచ్చే జ్ఞాపకం వేరు, మనసుకు గుర్తుండే జ్ఞాపకం వేరు అని మెదడు శాస్త్రానికి తెలిసింది ఈ అద్దం దగ్గర, ఒక పెన్సిల్‌తో. ప్రవర్తనను జాగ్రత్తగా కొలిచినవాళ్ళు లేకపోతే తీసేసిన ఆ ముక్క ఏం పని చేసేదో ఎవరు చెప్పేవారు?

మా పిన్నికి డిప్రెషన్ వచ్చినప్పుడు బరంపురంలో ఒక డాక్టరుగారికి చూపించాం. స్కాన్ తీయమని మేమే పట్టుబట్టాం. ఆయన విని, నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఎన్నాళ్ళనుంచి అని ఒక్కొక్కటే పిన్నినే అడిగారు, మమ్మల్ని బయట కూర్చోమని. డిప్రెషన్‌ను స్కాన్‌తో తేల్చే పరీక్ష ఇప్పటికీ ఆసుపత్రుల్లో లేదు. ఆ ప్రశ్నలతోనే రోగం తెలిసింది, మందు పడింది, మనిషి కోలుకుంది.

ఇంకా తేలనిది

నేను వెనకేసుకొచ్చిన బిగ్ ఫైవ్‌కి కూడా ఒక పెద్ద చిక్కుంది. దాన్ని కట్టిన సమాచారంలో అధికభాగం అమెరికా, యూరప్‌ల చదువుకున్నవాళ్ళది. బొలీవియా అడవుల్లో వేట, పోడు వ్యవసాయం చేసుకునే చిమానే జనంలో 632 మందిని అడిగితే ఆ ఐదూ ఐదుగా విడిపోలేదని 2013లో మైకేల్ గుర్వెన్ బృందం రాసింది. నలుగురికీ సాయపడే గుణం, కష్టపడే గుణం, ఈ రెండే కాస్త స్పష్టంగా కనబడ్డాయి. 2019లో 23 పేద, మధ్యస్థాయి దేశాల్లో ఇంటింటికీ వెళ్ళి అడిగిన సర్వేలు తిరగేస్తే, ఆ ప్రశ్నలు కొలవాల్సినదాన్ని సరిగా కొలవడం లేదని తేలింది. ఒక కారణం, ఏది అడిగినా అవుననే అలవాటు. కాగితాలు పట్టుకొచ్చిన బాబుతో కాదనడం ఎందుకని మా వైపు పల్లెల్లో ప్రతిదానికీ తలూపే ముసలివాళ్ళను నేను చూశాను కాబట్టి అది నాకు వెంటనే అర్థమైంది.

"మరి నీ బిగ్ ఫైవ్ ఇక్కడ పనికిరానట్టేగా?" అన్నాడు అన్నయ్య. పనికొస్తుందో రాదో చేసి చూడాలన్నాను. మహేంద్రగిరి పక్క సవర గూడేల్లో, గుణుపురం సంతలో, మా పర్లాకిమిడి తెలుగు వీధుల్లో, ఆ మనుషులతో కలిసి బతికినవాళ్ళే ప్రశ్నలు తయారుచేయాలి. అదే మనిషిని బడిలో ఒకసారి, ఇంట్లో ఒకసారి, సంతలో ఒకసారి అడగాలి, నెల పోయాక మళ్ళీ అడగాలి. ఐదు వస్తే ఐదు, రెండే వస్తే రెండు. బరంపురంలోనో విశాఖలోనో సైకాలజీ చదివే పిల్లలెవరైనా దీనికి పూనుకుంటే, వరండా ఇవ్వడానికి, పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడడానికి నేను సిద్ధం. అన్నయ్య లెక్కలు చూస్తానన్నాడు.